విద్యా సంవత్సరపు రోస్టరు ఎవరు వేయవలెను?

(జగదల్‌పూరులో రైల్వే, తపాలా ఉద్యోగుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉదయము నుండి వేతనముల గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి మాట్లాడుకొన్నాము. అవి మన సంఘములకు నిత్యకృత్యములు. మమ్ములను మాత్రము వేరొక విషయముపై మాట్లాడవలసినదిగా ఆహ్వాన సంఘము వారు కోరినారు. విశ్వవిద్యాలయము తన విద్యా సంవత్సరమును ఏ విధముగా ఏర్పరచుకొనుచున్నది, ఆ ఏర్పాటు మన ఇండ్లపై ఏ విధముగా పడుచున్నది అన్నదే ఆ విషయము. ఇది అధ్యాపకులు చూచుకొనవలసిన పని గదా, రైళ్లు నడుపువారికి, ఉత్తరములు పంచువారికి దీనితో ఏమి సంబంధమని భోజన సమయమున కొందరు మిత్రులు అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము చెప్పుటకే ఇచట నిలుచున్నాము.

విద్యా సంవత్సరపు పట్టిక అనునది కూడ ఒక డ్యూటీ రోస్టరే. రోస్టరు వేయు తీరునుబట్టి ఏ కార్మికుడు రాత్రి నిద్రపోవునో, ఎవడు పండుగనాడు బిడ్డల మధ్య నుండునో నిర్ణయమగును. అటులనే విద్యా పట్టిక వేయు తీరునుబట్టి ఎవరి బిడ్డ చదువు ముగించునో, ఎవరి బిడ్డ నడుమ మానుకొనునో నిర్ణయమగును. రోస్టరు విషయములో మన పెద్దలు ఏమి సాధించినారో మీరెరుగుదురు. 1947లో వచ్చిన జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు రైల్వే కార్మికుని పనిగంటలకు గట్టి హద్దు ఏర్పరచినది. నేడు రోస్టరు వ్రాతపూర్వకముగా ఉండవలెను, పనిచేయు చోట అందరికి కనబడునట్లు అంటించవలెను. ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. ఆ కొలమానముతోనే నేడు విశ్వవిద్యాలయపు పట్టికను కూడ చూతము.

మా అనుభవములోని ఒక సంగతి

మేము ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ముగ్గురము కలిసి ప్రైవేటుగా బి.ఎ. చదివినాము. రన్నింగు రూములో దీపము క్రింద ఒకే పుస్తకమును వంతులవారీగా చదువుకొన్న రోజులవి. పరీక్షల కొరకు ఏడాది పొడుగున సెలవులు కూడబెట్టుకొన్నాము. తీరా మూడు పరీక్షలు ముగిసిన పిమ్మట మిగిలినవి రెండు వారములు వాయిదా పడినవి. కారణము చెప్పలేదు. విశ్వవిద్యాలయపు గోడమీద ఒక కాగితము అంటించినారట. మేమున్న స్టేషనుకు వార్తాపత్రిక మరునాటి రైలుకు గాని రాదు. ఆ పత్రిక చూచునప్పటికి మా సెలవులు సగము ఖర్చయిపోయినవి.

మాలో ఇద్దరికి శాఖా కార్యదర్శి డ్యూటీలు మార్పించి గట్టెక్కించినాడు. మూడవ మిత్రుడు పాయింట్స్‌మన్. ఆయనకు బదులు నిలుచు మనిషి దొరకలేదు. మరుసటి ఏడు ఆయన తల్లి మంచమెక్కినది. ఆ మరుసటి ఏడు పాఠ్యప్రణాళిక మారినది. పాయింట్స్‌మన్‌గా చేరిన ఆ మనిషి డిగ్రీ లేకయే పదవీ విరమణ చేసినాడు. ముగ్గురిలో తెలివిగలవాడు ఆయనయే. చరిత్ర పాఠములు మాకు విడమరచి చెప్పినవాడు కూడ ఆయనయే. ఆయన చదువు ఆగిపోవుటకు ఒక తేదీ మారుట తప్ప మరి కారణము లేదు.

ఆ విశ్వవిద్యాలయము పేరు చెప్పుట అనవసరము. ఇటువంటి కథ లేని ఉద్యోగి కుటుంబము ఈ సభలో ఎన్ని ఉన్నవో మీరే లెక్కించుకొనుడు.

ఏబది రెండు వారముల లెక్క

ఈ పట్టిక ఎట్లు తయారగునో ముందుగా తెలిసికొందము. తెలియని యంత్రమును తప్పుపట్టుట సంఘ కార్యకర్త లక్షణము కాదు.

1948-49లో డాక్టరు రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, పరీక్షా దినములను మినహాయించి ఏడాదికి కనీసము 180 పనిదినములు ఉండవలెనని చెప్పినది. 1964-66 నాటి కొఠారి సంఘము కళాశాలలకు 36 బోధనా వారములు కావలెనన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నిబంధనలలో వారమునకు ఆరు పనిదినములు గల కళాశాలలకు ఈ పంపకమును చూపినది: బోధనకు 30 వారములు, అనగా 180 దినములు, ప్రవేశములకు, పరీక్షలకు, వాటి సన్నాహములకు 10 వారములు, సెలవులకు 10 వారములు, ప్రభుత్వ సెలవుదినములకు 2 వారములు. మొత్తము 52.

కాగితముమీద లెక్క సరిపోయినది. గాని ప్రవేశములు, పరీక్షలు రెండును ఆ పది వారములలోనే ఇమడవలెను. పరీక్ష సంవత్సరమునకు ఒక్కటే అయినప్పుడు అది ఎట్లో ఇమిడెడిది. సెమిస్టరు పద్ధతిలో పరీక్షలు రెండు. ఒక పరీక్ష జవాబు పత్రములు దిద్దుట ముగియకముందే రెండవ సెమిస్టరు పాఠములు ఆరంభింపవలెను. దిద్దువారును, బోధించువారును, పరీక్ష గదిలో కాపలా ఉండువారును ఒకే అధ్యాపకులు. లోకో పైలట్లు తక్కువై రైళ్లు ఎక్కువైనచో లింకు ఎట్లు తెగునో, ఇచట కూడ అటులనే తెగును. ఖాళీలు నింపక పట్టికను మాత్రము బిగించినచో అది ఆలస్యమగుటకే పుట్టిన పట్టిక యగును. కనుక ఫలితములు ఆలస్యమైనప్పుడు అధ్యాపకునిమీదనో, పరీక్షా విభాగపు గుమాస్తామీదనో కోపగించుకొనవలదని మా మనవి. వారును మనవంటి ఉద్యోగులే.

మన రైల్వేలో ప్రయాణికులకొక టైంటేబులు, సిబ్బందికొక వర్కింగ్ టైంటేబులు ఉండును. రెండును ముందుగానే అచ్చగును, రెంటికిని పొంతన ఉండును. విశ్వవిద్యాలయములలో ప్రవేశముల నాడు ప్రకటించు పట్టిక ఒకటి, పరీక్షా విభాగము వాస్తవముగా నడుపు పట్టిక మరొకటి అగుచున్నది. మొదటిది అందరును చూతురు. రెండవది ఎవరి చేతిలోను ఉండదు.

బస్తరు సంవత్సరము వేరు

ఇక ఈ ప్రాంతమునకు వత్తము. 1998లో విభజింపబడుటకు ముందు బస్తరు జిల్లా వైశాల్యము 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడియుండెను. అది కేరళ రాష్ట్రముకంటె పెద్దది. నేడు ఆ నేలమీద ఏడు జిల్లాలున్నవి. 2008లో జగదల్‌పూరున బస్తర్ విశ్వవిద్యాలయము ఏర్పడువరకు ఇచ్చటి కళాశాలలు రాయపూరులోని రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెను. రాయపూరు రోడ్డు మార్గమున 300 కిలోమీటర్లు. రైలుమీద పోవలెనన్నచో కొరాపుట్, రాయగడల చుట్టు తిరిగి 600 కిలోమీటర్లు దాటును. మార్కుల జాబితాలో ఒక అక్షరము తప్పు పడినచో దానిని దిద్దించుకొనుటకు ఆ దూరము పోవలసి వచ్చెడిది. కనుక మన ఊరిలో విశ్వవిద్యాలయము వచ్చుట గొప్ప మేలు. ఇటీవలి సంవత్సరములలో దానికి షహీద్ మహేంద్ర కర్మా విశ్వవిద్యాలయమని పేరు మార్చినారు.

అయినను దూరము పూర్తిగా పోలేదు. తెలుగు మాట వినవచ్చు కొంటా నుండి జగదల్‌పూరునకు దాదాపు 180 కిలోమీటర్లు. భోపాలపట్నము నుండి 200 పైమాటే. విశ్వవిద్యాలయము దగ్గరకు వచ్చినది గాని, దాని సంవత్సరము మాత్రము ఇంకను రాయపూరు సంవత్సరముగానే ఉన్నది. జూన్ నడుమ ప్రవేశములు ఆరంభము, జులై ఆఖరునకు గడువు, ఉపకులపతి అనుమతితో ఆగస్టు నడిమివరకు పొడిగింపు అన్నది ఈ రాష్ట్రమున చాలకాలముగా నడచిన పద్ధతి. రాష్ట్రమంతటికి ఒకే కొలత.

బస్తరు పల్లెలో సంవత్సరము ఎట్లు నడచునో చూడుడు. జూన్ నడుమ వానలు దిగును. జులై, ఆగస్టులలో దున్నకము, నాట్లు. వాగులు పొంగి పల్లెలు విడిపోవుటయు, మన కొత్తవలస–కిరండూలు మార్గములో ఘాట్లయందు కొండచరియలు జారి బండ్లు నిలిచిపోవుటయు ఈ నెలలలోనే. సరిగా అప్పుడే కళాశాలలో చేరుటకు గడువు ముగియును. నవంబరు, డిసెంబరులలో వరికోతలు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూవు రాలును. తెల్లవారకముందే ఇల్లిల్లంతయు చెట్ల క్రిందకు చేరవలెను, ఎండ ముదిరిన పూవు పాడగును. ఏప్రిల్ ఆఖరునుండి మే నెలలో తునికాకు. ఏబది ఆకుల కట్టలు వేయి కలిసినచో ఒక ప్రామాణిక సంచి. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సంచికి 5,500 రూపాయల ధర నిర్ణయించినది. చాల ఇండ్లలో ఆ ఆకు డబ్బే జులై నెలలో కళాశాల రుసుముగా మారును.

ఈ లెక్క మీకు కొత్త కాదు. గ్రామీణ డాక్ సేవకులుగా పనిచేయు సోదరులలో అనేకులు ఉదయము ఇప్పపూవు ఏరి, పిమ్మట బ్రాంచి పోస్టాఫీసు తెరచు ఇండ్లవారే. కె.కె. లైను వెంట పనిచేయు ట్రాక్‌మెన్‌లోను అటువంటివారున్నారు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్నము రేవునుండి జపానుకు పంపుటకై 1960 దశకములో ఆ లైను వేసినప్పుడు కోస్తా జిల్లాలనుండి వచ్చిన తెలుగు కుటుంబముల రెండవ, మూడవ తరము పిల్లలు ఆదివాసీ బిడ్డల ప్రక్కనే ఈ కళాశాలలలో కూర్చున్నారు. ఒకే పట్టిక ఇద్దరిని బాధించుచున్నది, కారణములు మాత్రమే వేరు.

ఏడాది పరీక్షయా, సెమిస్టరా?

2024-25 విద్యా సంవత్సరము నుండి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఉన్నత విద్యలో జాతీయ విద్యావిధానమును అమలునకు తెచ్చి, డిగ్రీ తరగతులను సెమిస్టరు పద్ధతికి మార్చినది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కళాశాలలు 2015-16లోను, తెలంగాణలో 2016-17లోను ఈ దారి పట్టినవి. మన సభ్యులలో దీనిపై భిన్నాభిప్రాయములున్నవి.

సెమిస్టరులో మేలు లేదనుట అన్యాయము. సంవత్సరపు చదువంతయు మూడు గంటల పరీక్షకు తాకట్టు పెట్టనక్కరలేదు. ఒక విషయములో తప్పినవాడు సంవత్సరమంతయు పోగొట్టుకొనడు. రోజూ కళాశాలకు పోవు పిల్లవానికి అది మంచిదే. గాని ఉద్యోగము చేయుచు చదువుకొను మనిషి సంగతి వేరు. ఏడాది పరీక్షలో వానికి ఒక్కసారి సెలవు కావలెను. సెమిస్టరులో రెండుసార్లు కావలెను. నడుమ అంతర్గత పరీక్షలు, అప్పగించిన వ్రాతపనులు అదనము. రాత్రి డ్యూటీ దిగి ఉదయము అంతర్గత పరీక్షకు పోవలసిన గార్డును తలచుకొనుడు. ఇప్పుడాయనను ట్రైన్ మేనేజరు అనుచున్నారు. హోదా పేరు మారినది గాని నిద్ర గంటలు పెరుగలేదు.

అట్లని పాత పద్ధతియే మేలని చెప్పజాలము. పాత ఏడాది పరీక్ష మార్చి, ఏప్రిల్ నెలలలో వచ్చి ఇప్పపూవు మీద పడెడిది. కొత్త పద్ధతిలో మొదటి సెమిస్టరు పరీక్ష కోతల కాలముమీదికి, రెండవది తునికాకుమీదికి జరుగుచున్నవి. ఏ పద్ధతి వచ్చినను బస్తరు ఇంటికి ఢీ తప్పలేదు. ఎందుచేత? పట్టిక వ్రాయు బల్ల దగ్గర ఈ ఇంటిని ఎరిగినవాడు కూర్చుండలేదు కనుక. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను విస్తరి నిండునందురు. ఇచట వడ్డించువాడెవడో కూడ మనకు తెలియదు.

జులైలోనే ఆరంభింపవలెనని శాస్త్రమేమియు లేదు. జపానులో విద్యా సంవత్సరము ఏప్రిల్‌లో మొదలగును. జర్మనీలో శీతాకాలపు సెమిస్టరు అక్టోబరులోను, వేసవి సెమిస్టరు ఏప్రిల్‌లోను ఆరంభమగును. మన దేశముననే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము జనవరిలోను, జులైలోను ప్రవేశములిచ్చుచున్నది. ఏడాదికి రెండుసార్లు ప్రవేశములు జరుపుకొనుటకు ఉన్నత విద్యాసంస్థలకు అనుమతి ఉండునని నిధుల సంఘము 2024 జూన్‌లో ప్రకటించినది. మన రైల్వే టైంటేబులు కూడ అనేక సంవత్సరములు జులై 1న అమలులోనికి వచ్చెడిది. 2025లో జనవరి 1న వచ్చినది. లోకము తలక్రిందులు కాలేదు.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములోనే మొదటిదిగా ఏర్పడినప్పుడు, పనిచేయుచు చదువుకొనువానికి కూడ విశ్వవిద్యాలయమున చోటు కలదన్న మాటకు రూపము వచ్చినది. 1991 నుండి అది డాక్టరు అంబేద్కరు పేర నడచుచున్నది. తపాలా సోదరులు ఆ పాఠముల కట్టలను మోసి ఇండ్లకు చేర్చినారు. ఆ విశ్వవిద్యాలయపు పట్టికలో మీ సైకిలు కూడ ఒక భాగమని గర్వముగా చెప్పుకొనవచ్చును.

తేదీ జారినచో ఏమి పోవును?

ఒక తేదీ నెల జారినచో కొంపలు మునుగునా అని అధికారులు తేలికగా అనెదరు. మునుగుచున్నవి. మూడు ఉదాహరణములు మాత్రము చెప్పెదము.

మొదటిది ఉద్యోగము. రైల్వే రిక్రూట్‌మెంటు బోర్డుల ప్రకటనలలో ఒక నిబంధన స్పష్టముగా ఉండును: దరఖాస్తు గడువు తేదీ నాటికి అర్హత పూర్తియై ఉండవలెను, ఆఖరి పరీక్ష ఫలితము కొరకు వేచియున్నవారు దరఖాస్తు చేయరాదు. గడువు దాటిన పది దినములకు ఫలితము వచ్చినను పిల్లవాని చేతిలో ఉన్నది చిత్తు కాగితముతో సమానము. తరువాతి ప్రకటన ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. వయోపరిమితి మాత్రము ఎవరి కొరకు ఆగదు.

రెండవది ఇల్లు. బదిలీ అయిన రైల్వే ఉద్యోగి తన బిడ్డల చదువు కారణముగా క్వార్టరును నడుస్తున్న విద్యా సంవత్సరము ముగియువరకు ఉంచుకొనుటకు నియమములు అనుమతించుచున్నవి. ముగియునది ఎప్పుడు? కళాశాల పట్టికలో ఒక తేదీ ఉండును, పరీక్షలు వేరొక తేదీకి జరుగును. ఆ రెండు తేదీల నడుమ ఉద్యోగి జీతమునుండి జరిమానా అద్దె కోతపడు ప్రమాదమున్నది. విశ్వవిద్యాలయములో వాయిదా వేసినవారికి ఇది తెలియనే తెలియదు.

మూడవది ఆడపిల్లలు. పల్లెనుండి వచ్చి జగదల్‌పూరులో గది అద్దెకు తీసికొన్న ఆడపిల్లకు పరీక్ష నెల జారుట అనగా మరి ఒక నెల అద్దె, మరి ఒక నెల తిండి. ఇంటివారు ఎంత కాలము ఓర్తురు? ఒకసారి సామాను సర్దుకొని ఇంటికి పోయిన పిల్ల మరల వచ్చుట కష్టము.

చేతకాని కాలములు ఉండునని మేమును ఒప్పుకొందుము. ఆంధ్ర దేశమున 1969లోను, 1972-73లోను ఉద్యమముల కాలమున విద్యా సంవత్సరములు దెబ్బతినుట పెద్దలకు గుర్తున్నది. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు మన బండ్లే నిలిచినవి. నిధుల సంఘము మొదటి సంవత్సరపు తరగతులను నవంబరు 1న ఆరంభింపుడని చెప్పవలసి వచ్చినది. ఇంటివద్ద వ్రాసిన జవాబు పత్రములను స్పీడ్ పోస్టులో పంపు ఏర్పాటు కూడ 2021లో ఈ రాష్ట్రమున జరిగినది. కౌంటరు వెనుక కూర్చుండి ఆ కట్టలను స్వీకరించినవారు ఈ సభలో ఉన్నారు. బందుల కారణముగా కిరండూలు బండిని దంతెవాడలోనే నిలిపివేసిన దినములు కూడ మనకు తెలియనివి కావు. అట్టి ఆపదలకు ఎవరిని తప్పుపట్టగలము? మన ఫిర్యాదు ఆపద లేని సంవత్సరములలో జారు తేదీల గురించి.

దసరా నేర్పు పాఠము

తేదీలు నిలుపుకొనుట ఈ నేలకు చేతకాని విద్యయా? జగదల్‌పూరువారికి మేము చెప్పనక్కరలేదు. బస్తరు దసరా శ్రావణ అమావాస్యనాడు, అనగా హరేలీ నాడు, మొదలై 75 దినములు నడచును. ఓరుగల్లు పతనమైన పిమ్మట అన్నమదేవుడు ఇటు వచ్చి నిలిపిన రాజ్యములో, దంతేశ్వరి అమ్మవారి పేర ఈ పండుగ పెరిగినది. ఆ కాకతీయుల పేరే నేడు ఇచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఉన్నది.

ఆ పండుగలో పని పంపకమును గమనించుడు. రథము చేయు వడ్రంగులు ఏ ఊరినుండి రావలెనో నిర్ణయమై ఉన్నది. పెద్ద రథమును లాగుట కిలేపాల్ ప్రజల హక్కు. తిథులనుబట్టి ఇంగ్లీషు తేదీలు ప్రతి ఏడు మారును. అధికమాసము వచ్చిన 2023లో పండుగ 107 దినములకు పెరిగినది. అయినను ఏ ఊరును తన వంతు తప్పలేదు. ఎవరి పని ఏదో, ఏనాటిదో ఎంతో ముందుగా అందరికి తెలియును, ఆ నిర్ణయములో తమకు పాలు కలదని అందరును ఎరుగుదురు. అందుచేత నిలిచినది.

అంతటి పట్టికను తరతరములుగా నడపిన ప్రజల బిడ్డలకు, పరీక్ష తేదీని నిలుపజాలని పట్టికను ఇచ్చుట తగునా?

మన కోర్కెలు, మన బాధ్యతలు

ఈ చర్చనుండి కొన్ని కోర్కెలు సహజముగా తేలుచున్నవి. వీటిని తీర్మాన రూపమున సభ ముందు ఉంచుచున్నాము.

ఒకటి. విద్యా సంవత్సరము ఆరంభమగుటకు ముందే ప్రవేశములు, అంతర్గత పరీక్షలు, సెమిస్టరు పరీక్షలు, ఫలితములు, వీటన్నిటి తేదీలతో పూర్తి పట్టికను ప్రకటింపవలెను. రోస్టరువలె దానిని అందరికి కనబడునట్లు అంటింపవలెను. మారుమూల తపాలా కార్యాలయములలో, స్టేషన్లలో అంటించు పని మనము చేయుదుము.

రెండు. ప్రకటించిన పరీక్ష తేదీని కనీసము మూడు వారముల ముందు తెలుపక మార్చరాదు. ఆపద్ధర్మముగా మార్చవలసి వచ్చినచో ఉద్యోగ అభ్యర్థులకు మరియొక అవకాశము ఇయ్యవలెను.

మూడు. ఆఖరి సెమిస్టరు ఫలితములకు గడువు ఉండవలెను. ఆ గడువును నిలుపుకొనుటకు వలసిన అధ్యాపకుల, సిబ్బంది ఖాళీలను ప్రభుత్వము నింపవలెను. ఈ రెండు మాటలను విడదీయరాదు.

నాలుగు. ఇప్పపూవు, తునికాకు, వరికోతల వారములను చూచి సెలవులను, పరీక్షలను సర్దవలెను. పది వారముల సెలవులలో ఎన్ని వారములు ఎక్కడ ఉంచవలెనో నిర్ణయించునప్పుడు పల్లెల ప్రతినిధులను, విద్యార్థులను, అధ్యాపక సంఘములను అడుగవలెను.

ఐదు. ఉద్యోగము చేయుచు చదువువారికి అంతర్గత పరీక్షలను ఆదివారములందో, సాయంకాలములందో పెట్టవలెను. పరీక్షా కేంద్రములు దూరప్రాంతములకు చేరువలో ఉండవలెను.

ఇక మన బాధ్యతలు. విశ్వవిద్యాలయమును అడుగుటకు ముందు మన ఇల్లు చక్కబెట్టుకొనవలెను. పరీక్షల వారములోనే ధర్నాలకు, సమ్మేళనములకు తేదీలు పెట్టిన తప్పు మనము కూడ చేసినాము. యువ సభ్యుడు పరీక్ష సెలవు అడిగినప్పుడు, చదివి ఏమి ఉద్ధరింతువని వెక్కిరించిన సీనియర్లు మనలోనే ఉన్నారు. అది మానవలెను. ప్రతి శాఖ తన పరిధిలో చదువుకొను సభ్యుల జాబితా వ్రాసికొనవలెను. పరీక్ష నెలకు ముందే సెలవుల రోస్టరుపై అధికారులతో మాట్లాడవలెను. బదులు డ్యూటీ చేయు మిత్రులను ముందుగా సిద్ధపరచవలెను. ఆనాడు ఆ పాయింట్స్‌మన్‌కు బదులు ఎనిమిది గంటలు నిలుచు మనిషి ఒక్కడు దొరికియున్నచో ఆయన జీవితము వేరుగా ఉండెడిది. ఆ ఒక్క మనిషిని సమకూర్చలేకపోయిన శాఖలో మేమును సభ్యులమే. ఈ సంగతిని ఇన్ని సంవత్సరములు మోసికొని తిరుగుచున్నాము.

సోదరులారా! సమయమును కాచుటయే మన వృత్తి. నిమిషము తప్పినచో సంజాయిషీ చెప్పుకొను కార్మికులము మనము. ఉత్తరము ఒక దినము ఆలస్యమైనచో మాటపడు ఉద్యోగులము మనము. ప్రజల సమయమునకు విలువ కట్టుట మనకు తెలిసినంతగా మరి ఎవరికి తెలియును? ఆ విలువనే మన బిడ్డల సమయమునకు కూడ కట్టుడని విశ్వవిద్యాలయమును అడుగుటకు మనకు హక్కున్నది. రేపు ఉదయము మీ మీ స్టేషన్లకు, పోస్టాఫీసులకు తిరిగి పోవునప్పుడు ఒక్క పని చేయుడు. మీ ప్రక్కన పనిచేయువారిలో ఎవరు చదువుచున్నారో, వారి పరీక్ష ఎన్నడో అడిగి వ్రాసికొనుడు. మన రోస్టరు అచటనుండి మొదలు కావలెను.